కోత మిషన్ చెప్పిన రోజుకి రాలేదని రైతు లాయర్ నోటీసు పంపాడు, నష్టం కట్టాలా?

డౌట్: మాది కృష్ణా జిల్లా అండి, రెండు వరికోత మిషన్లు ఉన్నాయి, ఒకటి టైర్ది ఒకటి బురదలో కూడా దిగే చైన్ది. నవంబర్ 24న వస్తానని ఒక రైతుకి ఫోన్లో చెప్పి 5 వేలు అడ్వాన్స్ తీసుకున్నా. 22న వాన పడి చేలో నీళ్లు నిలిచాయి, 29న వస్తానంటే సరే అన్నాడు. 29న చైన్ మిషన్ పక్కూళ్లో వేరేవాళ్ల చేలో ఉండిపోయింది. డిసెంబర్ 1న మళ్లీ వాన, ఆయన చేను పడిపోయి గింజ మొలకొచ్చింది. ఇప్పుడు 2 లక్షలు కట్టమని నోటీసు పంపాడు. వానకి నేనెలా బాధ్యుణ్ణి?

జవాబు: వానకి మీరు బాధ్యులు కాదండి, ఆ భయం వద్దు. కాకపోతే మీరు రాసినదాంట్లో రెండు ఆలస్యాలున్నాయి, మీరు రెండిటినీ కలిపేసి వాన మీదకి తోసేస్తున్నారు, అవతలి లాయర్ మాత్రం వాటిని విడగొట్టే చూస్తాడు.

మొదటిది 24 నుంచి 29 దాకా. దీంట్లో మీకు బలం ఉంది. 1872 కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 55 ఏమంటుందంటే, టైమ్ ముఖ్యమైన పనిలో చెప్పిన టైమ్‌కి చేయకపోతే అవతలివాడు ఒప్పందం వద్దనుకోవచ్చు, కానీ వద్దనకుండా సరే ఫలానా రోజు చెయ్యి అని ఒప్పుకుని, ఆ ఒప్పుకునేటప్పుడే ఈ ఆలస్యానికి నష్టం అడుగుతానని చెప్పకపోతే, తర్వాత దాని గురించి అడగలేడు. ఆయన సరే అన్నది మామూలు కాల్‌లోనా, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లోనా? వాయిస్ అయితే డిలీట్ చేయకండి, ఆ ఫోన్ కూడా మార్చకండి, ఎందుకంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో కలిపి దాన్ని పెట్టాల్సొస్తుంది.

రెండోది 29. అసలు గొడవ ఇక్కడే. ఆ రోజు చైన్ మిషన్ ఎవరి చేలో ఉందో, ఆయన మీ లిస్టులో ఈయనకి ముందా వెనకా అనేది మీరు రాయలేదు. ముందు బుక్ చేసుకున్న మనిషి అయ్యుండి, వాన వల్ల ఆయన పని కూడా వెనక్కి జరిగి ఈ రోజు మీద పడిందంటే మీకు చెప్పుకోడానికి గట్టి జవాబు ఉన్నట్టే. అలా కాకుండా వెనకాల బుక్ చేసుకున్నాయన గంటకి ఎక్కువ ఇస్తానన్నాడని అటు తిప్పారనుకోండి, అది వాన కాదు, మీరు తీసుకున్న నిర్ణయం. సీజన్లో అందరూ చేసేదే అంటారు, నిజమే, రేటు పెరిగితే మిషన్ ఎటు తిరుగుతుందో ఊరందరికీ తెలుసు, కానీ కోర్టులో ఆ మాట మీ నోటితో మీరు అనకండి.

ప్రకృతి వైపరీత్యం కదా, సెక్షన్ 56 వర్తించదా అని చాలామంది అడుగుతారు. అది పని చేయడమే అసాధ్యం అయిపోతే. బురద ఆరేదాకా ఆగడం అసాధ్యం కాదు, ఆలస్యం అంతే. పైగా మన కోస్తాలో నవంబర్, డిసెంబర్లలో తుపాను వస్తుందని ఊహించలేదంటే ఎవరు నమ్ముతారు? 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న, అంటే సరిగ్గా కోతల టైమ్‌లోనే.

ఇక 2 లక్షలు. నోటీసులో రాసినంత మాత్రాన అంతా కట్టాలని లేదు. ఎన్ని ఎకరాలు, ఎంత దిగుబడి రావాలి, ఎంత వచ్చింది, మొలకొచ్చిన ధాన్యం ఎంతకి అమ్మాడు, ఇదంతా ఆయనే రుజువు చేయాలి. సెక్షన్ 73 ప్రకారం నష్టం తగ్గించుకునే దారి ఆయనకి ఉందా అనేది కూడా చూస్తారు, అంటే వేరే మిషన్ దొరికేదా, కూలీలతో కోయించుకునే వీలుందా అని. ఇక్కడే మిమ్మల్ని ఒకటి అడగాలి. 29 పొద్దున్నే రావట్లేదు ఇంకో మిషన్ చూసుకోండి అని ఫోన్ చేసి చెప్పారా, లేక సాయంత్రం దాకా వస్తున్నా వస్తున్నా అని, ఆ తర్వాత డ్రైవర్ ఫోన్ స్విచాఫ్ అని నడిపించారా? చెప్పుంటే 29, 30 రెండు రోజులు ఆయన చేతిలో ఉన్నాయి, మీ భారం చాలా తగ్గుతుంది. చెప్పకపోతే ఆ రెండు రోజులూ మీ ఖాతాలోకే వస్తాయి. నన్నడిగితే ఈ కేసు మొత్తం ఆ ఒక్క ఫోన్ కాల్ మీదే ఆధారపడి ఉంది.

నోటీసుకి జవాబు ఇవ్వండి, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లొచ్చు. వ్యవసాయం వ్యాపారం కాబట్టి రైతు వినియోగదారుడు కాదు అనే వాదన మీద ఆశ పెట్టుకోకండి, 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాల కేసులో సుప్రీంకోర్టు రైతులు వినియోగదారులే అంది. కమిషన్ నుంచి నోటీసొస్తే జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15, ఆ తర్వాత ఒక్క రోజు కూడా పెంచే వీల్లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఈలోపు మిషన్ అవర్ మీటర్ రీడింగులు, డ్రైవర్ డైరీ, డీజిల్ బిల్లులు, ఏ రోజు ఎవరి చేను కోశారో ఆ లెక్క అంతా ఒకచోట పెట్టుకోండి. 22న, 1న మీ మండలంలో ఎంత వాన పడిందో సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి.

5 వేలు మాత్రం వెంటనే తిరిగిచ్చేయండి, కోయని చేనుకి అడ్వాన్స్ పట్టుకుని కూర్చుంటే కమిషన్ ముందు మీ మొహం బాగోదు. ఇచ్చేటప్పుడు తప్పు ఒప్పుకుంటూ ఇస్తున్నది కాదు అని ఒక ముక్క రాయండి. నిజంగా వరస తప్పించి ఉంటే మాత్రం కొంత ఇచ్చి సర్దుకోవడమే మంచిది, కేసు పడకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ అవార్డ్, అంటే రాజీ తీర్పు, అయ్యాక దాని మీద అప్పీల్ కూడా ఉండదు.

వచ్చే సీజన్ నుంచి ఫోన్లో తారీఖు చెప్పి వదిలేయకండి, అడ్వాన్స్ తీసుకున్న రోజే ఇలా ఒక మెసేజ్ పెట్టి అవతలి నుంచి సరే అనిపించుకోండి: "మీ నంబర్ వరసలో ఇంత. తారీఖు అంచనా మాత్రమే. వాన పడితే అందరి తారీఖూ జరుగుతుంది, వరస మారదు. మీ వంతుకి చేను ఆరకపోతే తర్వాతి వారికి వెళ్లి, ఆరాక ముందు మీ దగ్గరికే వస్తాం. రాలేకపోతే ముందు రోజు సాయంత్రంలోపు చెప్తాం, మీరు వేరే మిషన్ పెట్టుకోవచ్చు, అడ్వాన్స్ మొత్తం వాపసు."