మాట తప్పండి, కానీ ఆమె ఎదుటే తప్పండి

ప్రశ్న: నేను డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో నా గదిలోనే ఉండే స్నేహితురాలికి కిందటి సెమిస్టరులో మూడు సబ్జెక్టులు పోయాయి. అప్పటి నుంచి సరిగా నిద్రపోదు, క్లాసులకు రాదు. ఈమధ్య తన కాలిక్యులేటరు, ఎంతో ఇష్టంగా రాసుకున్న నోట్సు నా బల్ల మీద పెట్టి "నాకిక అవసరం లేదు, నువ్వు వాడుకో" అంది. మొన్న రాత్రి "నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు ఒక బరువు తగ్గుతుంది" అని ఏడ్చింది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. మాట తప్పితే నన్నిక ఎప్పటికీ నమ్మదని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం. నేరుగా అడిగితే లేని ఆలోచన నేనే కలిగించినట్టు అవుతుందేమో. నాకూ పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రంతా ఆమె అలికిడి వింటూ మేలుకొనే ఉంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఈ జవాబు చివరిదాకా చదివాకే కదలాలని లేదమ్మా. ఆమె ఇప్పుడు గదిలో ఒంటరిగా ఉంటే ముందు వెళ్లి పక్కన కూర్చోండి. ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, తాను అందరికీ బరువని అనడం, నిద్ర కరువవడం, ఇవన్నీ ఒకేసారి కనిపిస్తున్నప్పుడు "ఏదో బాధలో అంది" అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. మీరు సరిపెట్టుకోలేదు. అందుకే ఆమెకు సాయం అందే దారి తెరిచే ఉంది.

మీరు అడగడానికి భయపడుతున్న ప్రశ్నే మీరు అడగాల్సిన ప్రశ్న. అడిగితే ఆలోచన కలుగుతుందన్న భయం పెద్దల్లోనూ, అధ్యాపకుల్లోనూ ఉంది. అది నిజం కాదు. 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులను పరిశీలించారు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగిన పిల్లల్లో, అడగనివాళ్ల కంటే ఆ ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లకైతే అడగడం వల్ల కాస్త ఊరట కలిగినట్టు కూడా తేలింది. మనసులో మోస్తున్నదాన్ని ఎవరో ఒకరు పేరు పెట్టి అడిగితే, అన్నాళ్లూ ఒంటరిగా దాచుకున్న మనిషికి ఊపిరి ఆడుతుంది.

ఎలా అడగాలన్నదే అసలు సంగతి. "పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోవడం లేదు కదా?" అని అడిగితే, "లేదు" అనమని మనమే చెప్పినట్టు. తలుపు వేసి, ఫోను పక్కన పెట్టి, ఆమెకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. మామూలు గొంతుతోనే, "నోట్సు నాకు ఇచ్చేసినప్పటి నుంచి భయంగా ఉంది. చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?" అనండి. ఆ తర్వాత మీరు మాట్లాడకండి. ఆమె మౌనం మీకు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. దాన్ని మీ మాటలతో పూడ్చకండి. అవునంటే "ఛ, అలా అనకు" అనకండి. "మీ అమ్మానాన్న ఏమైపోతారో ఆలోచించావా" అని అసలే అనకండి. తాను బరువని నమ్ముతున్న మనిషి నెత్తిన ఇంకో నేరం మోపినట్టవుతుంది. "నాతో చెప్పావు, మంచి పని చేశావు. ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అంటే చాలు.

తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగాలి: "ఎప్పుడు, ఎలా అని కూడా అనుకున్నావా?" దానికి అవునంటే తెల్లవారేదాకా ఆగకూడదు. వార్డెనును లేపండి, ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, ఈలోగా ఆమెను ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి. తోడుగా ఎవరు ఉండాలి, ఎవరు ఫోన్లు చేయాలి అన్నది మరో స్నేహితురాలితో పంచుకోండి. అన్నీ మీరొక్కరే చేయలేరు.

ఇక ఒట్టు సంగతి. మాట తప్పండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే ఆమె వెనక కాదు, ఎదుటే తప్పండి. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు గుట్టుగా ఇంటికి ఫోన్ చేస్తే, ఆ సాయంత్రం నాన్న వచ్చి గది ముందు నిలబడితే, ఆమెకు అది నమ్మకద్రోహంగానే కనిపిస్తుంది. ముందు ఆమెతోనే అనండి: "నీకు ఒట్టేశాను, నిజమే. దాన్ని నిలబెట్టుకోవడం నా వల్ల కాదు. నువ్వు బతికి ఉండి నాతో మాట్లాడకపోయినా భరిస్తాను. ఎవరికి చెబుదామో నువ్వే చెప్పు." చెప్పాలా వద్దా అన్నది ఇక ఆమె ఇష్టం కాదు. ఎవరికి ముందు, ఎవరి నోటితో, ఏ మాటల్లో అన్నది మాత్రం ఆమెకే వదలండి. పరీక్షలు, నిద్ర, రేపు అన్నీ చేయిజారిపోయాయనుకుంటున్న అమ్మాయికి ఆ కాస్త ఎంపిక చాలా విలువైనది. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితిలో మాత్రం ఎంపిక కోసం ఎదురుచూడకండి, వెంటనే చెప్పేయండి. ఆమెకు కోపం వస్తుంది, తిడుతుంది కూడా. రానివ్వండి. కోపం తగ్గే రోజు వస్తుంది.

మొదటి మనిషి తల్లిదండ్రులే కావాలని లేదు. కళాశాలలో కౌన్సెలర్ ఉంటే ఆమెతో కలిసి మీరే అక్కడికి నడిచి వెళ్లండి. "వెళ్లిరా" అంటే ఆమె వెళ్లదు, దారిలోనే ఆగిపోతుంది. కౌన్సెలర్ ఆమె చెప్పినవి బయటపెట్టరు. ప్రాణాపాయం ఉందనుకున్నప్పుడు మాత్రమే అవసరమైనవాళ్లకు చెబుతారు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆమెకు భయం తగ్గుతుంది. రాత్రివేళ ఎవరూ అందుబాటులో లేకపోతే సహాయవాణికి ఫోన్ చేయండి: భారతదేశంలో ఉంటే టెలీ మానస్ 14416, అమెరికాలో 988, బ్రిటన్‌లో సమరిటన్స్ 116 123. ఇవి ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాయి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు. "నా స్నేహితురాలి గురించి భయంగా ఉంది" అని మీరు చేసినా వింటారు.

ఇంటికి చెప్పేటప్పుడు, ఆమె భయపడే మనిషికి కాకుండా ముందు ఆమెకు చనువున్న మనిషికి చెప్పండి. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, మేనమామ కావచ్చు. వీలైతే ఆ ఫోన్ కౌన్సెలరో, ఆమె గౌరవించే అధ్యాపకురాలో చేయాలి. పెద్దవాళ్ల మాట పెద్దవాళ్లు తొందరగా వింటారు. చెప్పాల్సింది సూటిగా చెప్పాలి: "ఆమెకు చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి. ఇది ఆరోగ్య సమస్య, చికిత్స ఉంది. మీరు రావాలి. వచ్చాక మార్కుల మాట ఎత్తవద్దు." ఈ జవాబు చదువుతున్న అమ్మానాన్నలెవరైనా ఉంటే వాళ్లకూ అదే నా వేడుకోలు. పోయిన సబ్జెక్టులు మళ్లీ రాయవచ్చు. ఆ గదిలో అడుగుపెట్టగానే మీ నోట వచ్చే మొదటి మాట "ఏం తక్కువ చేశాం నీకు?" అన్నదైతే, బిడ్డ మళ్లీ నోరు విప్పకపోవచ్చు. పక్కన కూర్చుని "చాలా కష్టపడ్డావు, మాకు తెలియలేదు" అనండి. ఆ పూటకు అది చాలు.

"ఒకసారి అనుకున్నవాళ్లు ఎలాగూ చేసుకుంటారు, ఇవాళ ఆపితే రేపు" అనేవాళ్లు మీకు తప్పకుండా ఎదురవుతారు. వాళ్ల మాట వినకండి. రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు, ప్రాణం తీసుకోబోతుండగా ఇతరులు ఆపిన 515 మంది తర్వాత ఏమయ్యారో ఆరా తీసి 1978లో ప్రకటించాడు. ఏళ్లు గడిచాక చూసినా నూటికి తొంభై మందికి పైగా ఆత్మహత్య చేసుకోలేదు. ఆ తీవ్రమైన ఘడియ చాలాసార్లు చిన్నది. అది దాటేదాకా మనిషి తోడుండాలి, హాని చేసే వస్తువేదీ చేతికి అందకూడదు. గదిలో అలాంటివి ఏమున్నాయో ఆమెతో చెప్పే తీసి వార్డెనుకు ఇవ్వండి.

వైద్యులు మందులు రాస్తే, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పాతికేళ్లలోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో అశాంతి, చనిపోవాలన్న ఆలోచనలు ఎక్కువ కావచ్చు. అందుకే అప్పుడు మరింత దగ్గరగా చూసుకోవాలి. తేడా కనిపిస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి, సొంతంగా మందు మానేయకూడదు.

సాయం అందడం మొదలయ్యాక చాలామంది స్నేహితులు "ఇక పర్వాలేదు" అనుకొని పక్కకు తప్పుకుంటారు. అక్కడ మాత్రం మీరు ఉండండి. 1970ల్లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, ఆసుపత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిని రెండు వర్గాలుగా చేశాడు. ఒక వర్గంవాళ్లకు ఐదేళ్లపాటు అప్పుడప్పుడు చిన్న చిన్న ఉత్తరాలు వెళ్లాయి. ఎలా ఉన్నారని అడగడం, రాయాలనిపిస్తే రాయమనడం, అంతే. సలహా లేదు, రమ్మన్న ఒత్తిడి లేదు. ఉత్తరాలు అందినవాళ్లలో, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, ఆత్మహత్యలు తక్కువగా జరిగాయి. ఆమె ఇంటికి వెళ్లినా, వేరే గదికి మారినా, జవాబు రాకపోయినా, "ఇవాళ నువ్వు గుర్తొచ్చావు. జవాబు ఇవ్వకపోయినా పర్లేదు" అని ఒక సందేశం పంపుతూ ఉండండి. నోట్సు, కాలిక్యులేటరు ఆమె బల్ల మీద తిరిగి పెట్టేయండి.

మీ గురించి. రాత్రంతా మేలుకొని కాపలా కాసే పని ఒక విద్యార్థిని ఒంటరిగా చేయాల్సింది కాదు. మీరు వైద్యురాలు కారు, ఆమె ప్రాణానికి పూచీ మొత్తం మీది కాదు. పెద్దవాళ్లకు చెప్పిన క్షణం నుంచి ఆ పూచీలో వాళ్లకూ భాగం ఉంది. ఆ రాత్రి ఆమె దగ్గర మరొకరు ఉంటారు, మీరు వేరే గదిలో పడుకోండి. పరీక్షలకు చదవడం తప్పేమీ కాదు, నవ్వు వస్తే నవ్వడం కూడా తప్పు కాదు. చేతులు వణకడం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం రెండు వారాలైనా తగ్గకపోతే అది మీకూ సాయం కావాలన్న సూచన. అంతదాకా ఆగడం కూడా ఎందుకు? ఆమెను కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లిన రోజే మీ పేరు మీద కూడా ఒక సమయం అడిగి రాయించుకోండి.