ఇంగ్లండ్‌లోని ఈమ్ అనే చిన్న పల్లె చరిత్రలో ఎందుకు నిలిచిపోయింది?

ప్లేగు వల్ల. ఇంకా చెప్పాలంటే, ప్లేగు వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు చేసిన పని వల్ల.

ఈమ్ డెర్బీషైర్ కొండల్లో ఉన్న పారిష్. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు, దాని చుట్టుపక్కల నేల. అప్పట్లో ఇక్కడ గొర్రెల పెంపకం, సీసం గనులే బతుకుతెరువు. 1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది, అందులోనే ప్లేగు మోసే, రక్తం పీల్చే ఫ్లీ అనే చిన్న పురుగులు ఉన్నాయని చెబుతారు. ఆ సెప్టెంబరులో మొదటి చావు.

1666 వేసవికి జబ్బు ముదిరింది. చర్చి పాస్టర్ విలియం మాంపెసన్, పదవి పోయిన పాత పాస్టర్ థామస్ స్టాన్లీ మతపరంగా చెరో వర్గం. అయినా ఇద్దరూ కలిసి జనాన్ని ఒప్పించారు: ఎవరూ పొలిమేర దాటకూడదు. పక్క ఊళ్లవాళ్లు సరిహద్దు రాళ్ల దగ్గర తిండి పెట్టి వెళ్లేవారు. ఈమ్ వాళ్లు ఆ రాళ్ల గుంటల్లో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవారు. అంటే వాళ్ల శానిటైజర్ అన్నమాట! ప్రార్థనలు చర్చిలో ఆపేసి ఆరుబయట లోయలో జరిపారు. హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లలనీ తన చేతులతోనే పూడ్చింది. మాంపెసన్ భార్య కూడా పోయింది.

నవంబరులో ప్లేగు ఆగేసరికి సుమారు 260 మంది పోయారు. త్యాగం కథకు తర్వాతివాళ్లు కొంత రంగు పూశారని కొందరు చరిత్రకారులు అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ పారిష్ రిజిస్టర్‌లోని ఆ చనిపోయినవాళ్ల పేర్ల వరుస మాత్రం కల్పన కాదు.