మెక్సికోలో విశ్రాంత జీవితం: ముందు కారు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 67. నా భార్యకు వచ్చే మార్చిలో 65 నిండుతాయి. ఇద్దరం అమెరికా పౌరులం; డల్లస్ పక్కన ఇర్వింగ్‌లో సొంత ఇల్లుంది. ఇద్దరికీ కలిపి నెలకు 3,400 డాలర్ల సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) వస్తుంది. ఐఆర్ఏ అనే విశ్రాంత పొదుపు ఖాతాలలో 5,20,000 డాలర్లు, గుంటూరు బ్యాంకులో కొంత డిపాజిట్ ఉన్నాయి. జనవరిలో మెక్సికోలోని చపాలా సరస్సు ఒడ్డున ఉన్న అహిహిక్‌కు మారి, నెలకు 2,600 డాలర్లతో గడుపుతూ, మా 2019 టయోటాలో ఆ దేశమంతా తిరిగి చూడాలని ఉంది. కారుపై ఇంకా 7,000 డాలర్ల అప్పుంది. మా ఖర్చుల పద్దు జత చేశాను. శాశ్వత నివాస అనుమతి ఒకేసారి తీసుకోవాలా? మెడికేర్ (వృద్ధులకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) అక్కడ చెల్లదు కనుక, అందులో డాక్టరు ఖర్చులు భరించే పార్ట్ బి మానుకోవచ్చా? ఇల్లు అమ్మేయాలా?

సమాధానం: మీ రాబడికి ఢోకా లేదు. అయితే మీరు మూడు ప్రశ్నలు అడిగి, వాటన్నిటికీ మూలమైన నాలుగోదాన్ని, అంటే కారు సంగతిని, దారి ఖర్చుగా మాత్రమే పద్దులో చూపారు. మెక్సికోలో ఏ నివాస అనుమతి తీసుకోవాలో మీ విషయంలో నిర్ణయించేది ఆ కారే.

శాశ్వత నివాసికి విదేశీ నంబరు ప్లేటు ఉన్న కారును ఆ దేశపు లోపలి భాగంలో ఉంచుకునే హక్కు లేదు. తాత్కాలిక నివాసికి ఆ హక్కు ఉంది. తాత్కాలిక నివాసం మొదట ఒక ఏడాదికి ఇస్తారు. తరువాత పొడిగించుకుంటూ మొత్తం నాలుగేళ్ల వరకు ఉండి, ఆపైన శాశ్వత నివాసానికి మారవచ్చు. పదే పదే కార్యాలయాల చుట్టూ తిరగడం ఎందుకని చాలామంది స్తోమత చూపించి నేరుగా శాశ్వత అనుమతే తీసుకుంటారు. కారు లేనివారికి అది మంచి మార్గమే. మీరు మాత్రం తాత్కాలిక అనుమతే తీసుకోండి.

కారుకు తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి. దాన్ని సరిహద్దులో బాన్‌హెర్సితో అనే సైనిక బ్యాంకు కౌంటరులో ఇస్తారు. మీది 2007 తరువాతి మోడల్ కనుక, రుసుము కాక 400 డాలర్లు డిపాజిట్ కట్టాలి. గడువులోగా కారును దేశం దాటించి పర్మిట్ రద్దు చేయించుకుంటే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. పాస్‌పోర్టులో నివాస వీసా ముద్రతో వెళ్లేవారికి ఈ పర్మిట్ మొదట 30 రోజులకే ఇస్తారు. ఆ 30 రోజులలోనే వలస కార్యాలయంలో నివాస కార్డు పని మొదలుపెట్టాలి, కార్డు చేతికి రాగానే దాని గడువుకు సమానంగా కారు పర్మిట్‌ను కూడా పొడిగించమని కస్టమ్స్ శాఖకు విడిగా తెలియజేయాలి. కార్డు వచ్చింది కదా అని ఊరుకున్న నా క్లయింట్ ఒకాయన 400 డాలర్లు పోగొట్టుకోవడమే కాక, పర్మిట్ లేని కారును తిరిగి సరిహద్దు దాటించే వరకు నిద్రలేని రాత్రులు గడిపాడు. కార్డు పొడిగించిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయవలసిందే.

ఇప్పుడే ఒకసారి కారు ముందు అద్దం కింద కనిపించే విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) మొదటి అంకె లేదా అక్షరం చూసి రండి. 1, 4, 5 అయితే కారు అమెరికాలో తయారైంది. 2 అయితే కెనడాలో. జె అయితే జపాన్‌లో. నాలుగేళ్ల తరువాత మీరు శాశ్వత నివాసానికి మారేటప్పుడు ఆ కారును అక్కడి కారుగా మార్పించుకోవడం, అంటే సుంకం కట్టి మెక్సికో ప్లేటు వేయించుకోవడం, ఉత్తర అమెరికాలో తయారైనవాటికే సాధారణంగా వీలవుతుంది. జె అని ఉంటే, నాలుగో ఏడు చివర దాన్ని టెక్సాస్ తీసుకువెళ్లి అమ్మి, మెక్సికోలో మరో కారు కొనుక్కోవడానికి ఇప్పటినుంచే ఏటా కొంత పక్కన పెట్టండి.

మీ అమెరికా కారు బీమా సరిహద్దు దాటాక అక్కరకు రాదు. మెక్సికో చట్టం ప్రకారం చెల్లే పాలసీ ఉండాలి. పాలసీ చవకగా దొరకాలని ఎదుటివారికి జరిగే నష్టానికిచ్చే పరిమితిని తగ్గించుకోవద్దు. కనీసం 3,00,000 డాలర్లు ఉంచండి. ఎవరికైనా దెబ్బలు తగిలిన ప్రమాదంలో, తప్పెవరిదో తేలేదాకా డ్రైవరును పోలీసులు నిలిపివేయవచ్చు. కనుక లాయరు సహాయం, బెయిలు పూచీ రెండూ పాలసీలో ఉన్నాయో లేదో చదివి చూసుకోండి.

ఇక దారి. టెక్సాస్ సరిహద్దు ఊరైన లారెడో నుంచి మొంతెర్రే, సాల్తియ్యో, మతెవాలా, సాన్ లూయిస్ పొతోసి మీదుగా, అహిహిక్‌కు దగ్గరి పెద్ద నగరమైన గ్వాదలహారా వరకు సుమారు 1,100 కిలోమీటర్లు. లారెడో ఊళ్లోని వంతెనల మీద దాటితే తమౌలిపాస్ రాష్ట్రంలోకి వెళతారు. అమెరికా విదేశాంగ శాఖ హెచ్చరికలలో అది ఏళ్లుగా పై స్థాయిలో ఉంది. కొంచెం పడమరగా ఉన్న కొలంబియా వంతెన మీద దాటితే నేరుగా న్యూవో లియోన్ రాష్ట్రంలో దిగుతారు. నా సలహా అదే. తెల్లవారుతూనే సరిహద్దు దాటి, చీకటి పడకముందే మతెవాలాలో ఆగి, మరునాడు మిగతా దూరం వెళ్లండి. రాత్రి ప్రయాణం వద్దు: దొంగల భయం ఒక ఎత్తు, వెలుతురు లేని దారిలో అడ్డొచ్చే పశువులు, ఎక్కడపడితే అక్కడ ఉండే తోపెస్ అనే స్పీడ్ బ్రేకర్లు మరో ఎత్తు. టోల్ దారిని కువోతా అనీ, టోల్ లేని దారిని లిబ్రే అనీ అంటారు. టోల్‌కు పెసోలు నగదుగా ఉంచుకోండి, రసీదు పారేయకండి. ఫెడరల్ టోల్ రోడ్ల మీద ఆ రుసుములోనే ప్రయాణికుల బీమా కలిసి ఉంటుంది. బండి ఆగిపోతే 078కు ఫోన్ చేస్తే అంహెలెస్ వెర్దెస్ అనే ప్రభుత్వ ఆకుపచ్చ ట్రక్కులు వచ్చి సాయం చేస్తాయి. మనిషి కూలికి డబ్బు అడగరు. మామూలు పెట్రోలు లీటరు 24 పెసోల అటూఇటూ ఉంటుంది, టెక్సాస్ ధరకన్నా ఎక్కువే. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే దాదాపు 3,300 పెసోలు.

ఆ పెసోల గురించే ఎక్కువ జాగ్రత్త అవసరం. 2020 వసంతంలో డాలరుకు దాదాపు 25 పెసోలు వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో ఒక దశలో 16.5 పెసోలు కూడా రాలేదు. ఆ ఏడాది చివరికి మళ్లీ 20 దగ్గరకు వచ్చాయి. మీ 2,600 డాలర్ల లెక్క 20 పెసోల ధర మీద వేసినదైతే మీ జీవనానికి 52,000 పెసోలు కావాలి. పెసో 16కు చేరితే అదే జీవనానికి 3,250 డాలర్లు పెట్టాలి. నేను మీ పద్దును 16 దగ్గరే వేస్తాను. అద్దె ఒప్పందం ఏ కరెన్సీలో రాస్తారో ముందే అడగండి. అహిహిక్‌లో కొందరు యజమానులు డాలర్లలోనే అడుగుతారు, డాలరు రాబడి ఉన్న మీకు అది నిశ్చింత. ఏటీఎంలో తెర మీద తమ మారకపు ధర చూపి ఒప్పుకోమంటే నిరాకరించండి, అప్పుడు మీ బ్యాంకు ధరకే సొమ్ము వస్తుంది.

పద్దులో మీరు రాయనివి రెండు. రెండు నెలలకొకసారి వచ్చే కరెంటు బిల్లుకు ప్రభుత్వ రాయితీ ఉంటుంది. వాడకం ఏడాది సగటున పరిమితి దాటితే రాయితీ లేని అధిక శ్లాబులోకి నెట్టేస్తారు, అక్కడినుంచి బయటపడడానికి నెలలు పడుతుంది. ఇంటిపనికి మనిషిని పెట్టుకుంటే డిసెంబరు 20లోగా అగినాల్దో అనే బోనస్, కనీసం 15 రోజుల జీతం, ఇవ్వడం చట్టం. (కందిపప్పు, ఇంగువ సంగతి పద్దులో రాశారు గానీ, దాని గురించి చింతించకండి, చింతపండు, కొత్తిమీర, మామిడిపండ్లు సంతలోనే దొరుకుతాయి, మిగతావి డల్లస్ వచ్చినప్పుడు తెచ్చుకోవచ్చు.)

పార్ట్ బి మానవద్దు. 2025లో దాని నెలసరి ప్రీమియం 185 డాలర్లు. మానేసి మూడేళ్ల తరువాత తిరిగి చేరితే, ప్రతి పూర్తి 12 నెలలకు 10 శాతం చొప్పున 30 శాతం జరిమానా జీవితాంతం కడతారు, అదీ జనవరి నుంచి మార్చి మధ్యే చేరగలరు. మెక్సికో ప్రభుత్వ ఆరోగ్య బీమాలో విదేశీ నివాసులు స్వచ్ఛందంగా చేరవచ్చు గానీ, షుగరు వల్ల వచ్చిన దీర్ఘకాలిక చిక్కులు వంటివి ఉంటే చేర్చుకోరు. ప్రైవేటు కంపెనీలలో చాలావరకు మీ వయసులో కొత్త పాలసీ ఇవ్వవు. కనుక చిన్న వైద్యానికి గ్వాదలహారాలో చేతి డబ్బు, పెద్ద వైద్యానికి విమానమెక్కి డల్లస్, అందుకు విడిగా 20,000 డాలర్లు అనుకోండి. మీ శ్రీమతికి చేరే గడువు డిసెంబరు నుంచి జూన్ వరకు. మార్చి 1 నుంచే వర్తించాలంటే ఫిబ్రవరి దాటకూడదు. జనవరిలో బయలుదేరేలోపే ఆ పని ముగించండి.

ఇల్లు ఇప్పుడే అమ్మకండి, అద్దెకివ్వండి. అమ్మకానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు మీరు అందులో నివసించి ఉంటే దంపతులకు 5,00,000 డాలర్ల వరకు లాభంపై పన్ను ఉండదు కనుక, అహిహిక్ నచ్చిందో లేదో తేల్చుకోవడానికి మూడేళ్ల వెసులుబాటు ఉంది. అద్దెకిస్తే టెక్సాస్‌లో సొంతింటి ఆస్తి పన్ను రాయితీ పోతుంది. ఆ తేడా కలుపుకుని అద్దె నిర్ణయించండి. మెక్సికో బ్యాంకులో వేసే సొమ్మును, గుంటూరు డిపాజిట్‌ను కలిపి చూసినప్పుడు ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ఖజానా శాఖకు ఎఫ్‌బీఏఆర్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. గుంటూరు ఖాతా సంగతి చాలామంది మరిచిపోతారు.

చివరగా ఆ 7,000 డాలర్ల అప్పు. అప్పున్న కారుకు దిగుమతి పర్మిట్ కావాలంటే దేశం దాటించడానికి అప్పిచ్చిన సంస్థ అనుమతి పత్రం చూపాలి, అన్ని సంస్థలూ ఇవ్వవు. ఐఆర్ఏ నుంచి అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువ తీసి ఈ డిసెంబరులోనే అప్పు తీర్చేసి, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీ పేరున తెచ్చుకుని, దాని నకళ్లు రెండు గ్లవ్ బాక్సులో కాక మీ చేతిసంచిలో పెట్టుకోండి.