చెన్నైలో మూడు గంటలు ఉంచుకో, అమ్మలూ

చి. సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ దీవెనలు.

సంక్రాంతి సెలవులకు మీ మామగారిని, పిల్లాడిని తీసుకుని అండమాన్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. మా మరిది అక్కడ ఉద్యోగం చేసిన ఆరేళ్లలో మీ పెదనాన్న, నేను ఐదుసార్లు వెళ్లొచ్చాం. ఏం చూడాలో చెప్పేవాళ్లు నీకు చాలామందే దొరుకుతారు. నేను మాత్రం వెళ్లే రోజు గురించే రాస్తాను. ఆ ఒక్క రోజున నలిగిపోయి, తర్వాతి రెండు రోజులు హోటల్ గదిలో ముసుగుతన్ని పడుకున్నవాళ్లను నేను చూశాను.

ముందు టికెట్ల సంగతి. 2024 సెప్టెంబరులో, మీరు విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. టికెట్ మీద ఏ పేరు కనిపించినా ఊరు అదే, కంగారుపడకు. హైదరాబాదు నుంచి నేరుగా వెళ్లే విమానం దొరికితే, మనిషికి రెండు వేలు ఎక్కువైనా అదే తీసుకో. దొరకకపోతే చెన్నై మీదుగా వెళ్లాలి. అప్పుడు రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ కింద, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద, ఉండాలి. ఈ మాట నీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మా రెండో ప్రయాణంలో పదిహేను వందలు కలిసొస్తాయని రెండు సంస్థల దగ్గర విడివిడిగా టికెట్లు కొన్నాను. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైంది. చెన్నైలో దిగి, బెల్టు దగ్గర పెట్టెల కోసం నిలబడి, అవి తీసుకుని పరుగెత్తేసరికి రెండో విమానం కౌంటర్ మూసేశారు. మొదటి సంస్థకు మా రెండో టికెట్‌తో సంబంధం లేదు. రెండో సంస్థకు మా ఆలస్యంతో సంబంధం లేదు. మర్నాటి టికెట్లు మూడింతలు పెట్టి కొన్నాం. ఒకే పీఎన్ఆర్ ఉంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఆ సంస్థదే. పెట్టెలు కూడా మామూలుగా నేరుగా చివరి ఊరికే వస్తాయి. అయినా హైదరాబాదు కౌంటర్లో అడిగి, పెట్టెకు కట్టిన చీటీ మీద ఐఎక్స్‌జెడ్ అని ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. శ్రీ విజయపురం విమానాశ్రయం గుర్తు అది.

ఒకే టికెట్ అయినా మధ్యలో గంట, గంటంబావు వ్యవధి ఉన్నది తీసుకోవద్దు. చెన్నైలో దేశీయ విమానాలకు ఒకటో టెర్మినల్, నాలుగో టెర్మినల్ రెండూ ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాల్సి వస్తే పెద్దాయనతో, పిల్లాడితో అది చిన్న పని కాదు. మూడు గంటలు ఉంచుకో. మామగారు నింపాదిగా నడుస్తారు, పిల్లాడు పెరుగన్నం తింటాడు, నువ్వు కాళ్లు చాపుకుని కూర్చుంటావు.

ఇంకొకటి, భోగి రోజు ఉదయం చెన్నై మీదుగా వెళ్లకు. అక్కడ తెల్లవారుజామున వీధివీధినా పాత సామాన్లు తగలబెడతారు. ఆ పొగ, చలికాలపు మంచు కలిసి రన్‌వే కనపడక విమానాలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. 2018లో భోగినాడు చాలా విమానాలు చిక్కుకున్నాయి. భోగికి రెండు రోజుల ముందే వెళ్లండి, లేదా కనుమ దాటాక బయలుదేరండి.

ఇప్పుడు సామాను. చాలా సంస్థలు కౌంటర్లో వేసే పెట్టెకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు ఇస్తాయి. ఇంట్లోనే తూచుకో. ఆవకాయ సీసా పెట్టెలోనే పెట్టు, చేతి సంచిలో ఉంటే తీసిపారేయిస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. ఎండు కొబ్బరి అసలే వద్దు, అందులోని నూనె వల్ల నిప్పు భయం ఉందని ఒప్పుకోరు. అరిసెలకు అడ్డేమీ లేదు.

మందుల విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. మూడోసారి వెళ్లినప్పుడు మా పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. మీ పెదనాన్న ఇన్సులిన్, డాక్టరు రాసిన చీటీ రెండూ అందులోనే ఉన్నాయి. మరిది అబర్డీన్ బజారంతా తిరుగుతున్నాడు. ఈయన మంచం అంచున కూర్చున్నారు. ఎదురుగా పళ్లెంలో తోటికోడలు వడ్డించిన అన్నం, చేప పులుసు. ఆకలి వేస్తోందని మొహంలో తెలుస్తోంది. అయినా చేయి పెట్టలేదు. రాత్రి తొమ్మిదింటికి మందు వచ్చేదాకా ఆ పళ్లెం మీద ఇంకో పళ్లెం మూతపెట్టి నేను పక్కనే కూర్చున్నాను. ఆ రాత్రి నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. అందుకే మీ మామగారి వారం రోజుల మందులు, చీటీ, కళ్లజోడు నీ భుజాన వేలాడే సంచిలో ఉండాలి. పైన అరలో పెట్టే సంచిలో కూడా వద్దు, ఎందుకంటే విమానం నిండితే గేటు దగ్గర దాన్నీ తీసుకుని కింద వేస్తారు.

మామగారికి చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడకు. నడవగలరని నాకు తెలుసు, కానీ ఆ విమానాశ్రయాల్లో దూరాలు ఎక్కువ. టికెట్‌తోనే చెప్పు, లేదంటే కనీసం 48 గంటల ముందు చెప్పు. ఆయన వద్దంటే, మన అందరికీ వరుసలో నిలబడే బాధ తప్పుతుందని నెమ్మదిగా నచ్చచెప్పు.

బోర్డింగ్ పాస్ ఫోనులో ఉందన్న ధీమాతో ఆలస్యంగా బయలుదేరవద్దు. పెట్టెలు వేసే కౌంటర్ గంట ముందే మూసేస్తారనుకుని లెక్క వేసుకో. తెల్లవారుజామున విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సు దొరికినా, పిల్లాడు నిద్రలో ఉంటాడు కాబట్టి కారే మేలు.

చెన్నై తీరం దాటాక రెండు గంటలపాటు కింద సముద్రం తప్ప ఏమీ ఉండదు. పిల్లాడిని ఆ సమయంలో నిద్రపోనివ్వు. దిగడం మొదలుపెట్టగానే లేపి గుక్కగుక్కగా నీళ్లు తాగించు, చెవులు నొప్పి పెట్టకుండా ఉంటాయి. అప్పుడే కిటికీలోంచి దీవులు కనిపిస్తాయి. ముందు లేత నీలం అంచు, తర్వాత సన్నటి తెల్లని గీత, దాని వెనక ఒత్తుగా చెట్లు. రన్‌వే నౌకాదళానిది, దిగాక అక్కడ ఫొటోలు తీయకూడదు.

బయటికి రాగానే హోటల్‌కి వెళ్లి పడుకోండి. ఆ రోజే స్వరాజ్ ద్వీప్‌కు, అదే పాత హేవ్‌లాక్‌కు, పడవ టికెట్ కొనకండి. విమానం ఆలస్యమైతే ఆ పడవ మీకోసం ఆగదు. పైగా మన గడియారమే అక్కడా నడుస్తుంది కానీ, దీవులు చాలా తూర్పున ఉండటంతో జనవరిలో అయిదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. మీకు ఇంకా సాయంత్రం అనిపిస్తుండగానే ఊరు చీకటిపడిపోతుంది. ఓపిక ఉంటే సెల్యులార్ జైలులో రాత్రిపూట జరిగే ధ్వని, కాంతి ప్రదర్శనకు వెళ్లండి, లేకపోతే మర్నాడు చూడవచ్చు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. విమానం ఉన్న రోజు ఉదయం పడవ ఎక్కవద్దు, ముందు రోజే శ్రీ విజయపురం చేరిపోండి. గాలి ఎక్కువగా ఉంటే పడవలు ఆపేస్తారు.

భాష గురించి భయం అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగువాళ్లు నూటికి పదముగ్గురు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. మామగారికి ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది.

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోన్లు మెరుగుపడ్డాయి. అయినా చిన్న దీవుల్లో సిగ్నల్‌ను నమ్ముకోకు. టికెట్లు కాగితం మీద ముద్రించుకో, కొంత నగదు ఉంచుకో. పిల్లాడు ఒడ్డున పగడపు ముక్కలు, గవ్వలు ఏరితే అక్కడే వదిలేయించు. వాటిని తీసుకురావడం నేరం. విమానాశ్రయంలో పెట్టె విప్పించి తీయిస్తే వాడు ఏడుస్తాడు.

టికెట్లు కొనే ముందు సమయాలు నాకు పంపు, ఒకసారి చూస్తాను. మామగారి మందుల చీటీ కూడా ఫొటో తీసి ఈ రాత్రికే పంపించు, నా ఫోనులోనూ ఒకటి ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ