చేరిన నెలలోనే నెల తప్పితే?

నా వయసు 34, శ్రావణం వస్తే 35 నిండుతాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. యూకేజీ చదివే పాప ఉంది. రెండో బిడ్డ కోసం ఎనిమిది నెలలుగా చూస్తున్నాం. నాలుగు నెలల క్రితం గర్భం వచ్చి ఏడో వారంలో పోయింది. ఇప్పుడు వేరే కంపెనీ నుంచి 30 శాతం ఎక్కువ జీతంతో ఆఫర్ వచ్చింది. ఇప్పుడున్న చోట వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. కొత్తదానికి నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ వెళ్లాలి. చేరి ఏడాది నిండకపోతే మెటర్నిటీ లీవు ఇవ్వరని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఇక్కడ అయిదేళ్లు నిండటానికి నాలుగు నెలలుంది. ‘ముందు బిడ్డ, తర్వాతే ఉద్యోగం’ అంటారు అత్తయ్య. మా ఆయన ‘నీ ఇష్టం’ అంటారు. నెలసరి వచ్చిన రోజు మారిపోదామనిపిస్తుంది, తేదీ రెండు రోజులు దాటితే వద్దనిపిస్తుంది. పదకొండు రోజుల్లో జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు మిమ్మల్ని భయపెట్టిన మాట సంగతి చూద్దాం. ఏడాది నిండాలన్న నియమం ప్రసూతి సెలవుల చట్టంలో లేదు. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలో, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉంటే చాలు. చేరిన నెలలోనే నెల తప్పినా, కాన్పు నాటికి ఆ 80 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. రెండో బిడ్డ కోసం చూస్తున్నామన్న సంగతి మీరు కొత్త కంపెనీకి చెప్పాల్సిన పని కూడా లేదు.

ఇదంతా చట్టం మాట. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను పనితీరు బాగాలేదని పంపించేసే చోట్లు లేకపోలేదు. ఆ కంపెనీలో ఇటీవల ప్రసూతి సెలవు తీసుకున్న ఒక ఆవిడతో, పరిచయస్తుల ద్వారానైనా, ఒక్కసారి మాట్లాడండి. తిరిగొచ్చాక ఆవిడకు అదే పని ఇచ్చారా, వేరే టీమ్‌లోకి నెట్టేశారా అన్నది తెలిస్తే సగం విషయం తెలిసినట్టే.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. అయిదేళ్లు నిండితే, ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ వస్తుంది. నెలకు బేసిక్ 30,000 అనుకుంటే అది సుమారు 86,500 రూపాయలు. మీ నోటీసు మూడు నెలలైతే, ఇవాళే రాజీనామా ఇచ్చినా ఒక్క నెల తక్కువ పడుతుంది. అందుకని చేరే తేదీని నెలన్నర ఆలస్యంగా పెట్టమని కొత్తవాళ్లను అడగండి. కావాలనుకున్న మనిషి కోసం చాలామంది ఒప్పుకుంటారు. పీఎఫ్ విత్‌డ్రా చేయకండి, ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో కాన్పు ఖర్చు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా, ఎంతవరకు ఇస్తారు అన్నది కాగితం మీద చూడండి. పాలసీ వివరాలు అందరూ అడిగేవే, ఎవరూ అనుమానించరు.

నన్ను ఆలోచనలో పడేసింది జీతం కాదు, ఆ దారి. ఆఫీసు వేళల్లో జేఎన్‌టీయూ దగ్గర మొదలుపెట్టి అటువైపు రోజూ వెళ్లిరావడం మామూలు ఒంటికే కష్టం. వేవిళ్లతో, నిద్రమత్తుతో ఉండే మొదటి మూడు నెలల్లో ఇంకా కష్టం. కాబట్టి నేనైతే ఒక షరతు మీద సరే అంటాను. వారానికి కనీసం రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తామని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చింది మేనేజర్ మారితే పోతుంది. రాసివ్వకపోతే ఈ ఆఫర్ వదిలేయండి, అయిదేళ్లు నిండాక ఇంకోటి చూసుకోండి. బిడ్డ కోసమని మాత్రం వదిలేయకండి. ఎప్పుడొస్తుందో తేదీ తెలియని బిడ్డ కోసం బతుకంతా ఆపుకుని కూర్చున్న ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. ప్రతి నెలసరీ వాళ్లకు రెండు నష్టాలుగా కనిపిస్తుంది. మీ ఉత్తరంలో అది అప్పుడే మొదలైంది. తేదీని బట్టి మీ నిర్ణయం మారుతోందని మీరే రాశారు.

దానికి కారణం ఆఫర్ అని నేననుకోవడం లేదు. ఏడో వారంలో పోయిన ఆ గర్భం గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. రెండు రోజులు సిక్ లీవు పెట్టి మూడో రోజు లాగిన్ అయ్యానని చివర్లో మార్జిన్‌లో రాశారు. అత్తగారు ‘ఆ ల్యాప్‌టాప్ వల్లే’ అన్నారని కూడా. గర్భం పోయినప్పుడు ఆరు వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉందమ్మా. అది మీకెవరూ చెప్పలేదు, మీరూ అడగలేదు. తొలి వారాల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం పిండం క్రోమోజోముల్లో లోపం వల్ల పోతాయి. కూర్చుని చేసే పని వల్ల కాదు, ల్యాప్‌టాప్ వల్ల అసలే కాదు. అత్తగారి మాటలో ఆశే ఉండొచ్చు, కానీ అది మీ మీద నేరంగా పడింది. ఒక్కసారి అలా జరిగినంత మాత్రాన మళ్లీ జరుగుతుందని భయపడక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి మాత్రం ఇప్పుడే వెళ్లండి. 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించాక పరీక్షలు చేయించుకోమంటారు, మీరు ఆ గీత దగ్గరే ఉన్నారు. థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. ఫోలిక్ యాసిడ్ వేసుకోకపోతే మొదలుపెట్టండి. మీ ఆయన వీర్య పరీక్ష కూడా మొదట్లోనే జరగాలి. మీ పరీక్షలన్నీ అయ్యాక చూద్దామనుకోవద్దు. అది తేలికైనది, ఖర్చు తక్కువ. అయినా మన ఇళ్లలో దాన్ని అన్నిటికంటే చివరికి నెడతారు.

ఆయన ‘నీ ఇష్టం’ అన్నది మంచి మనసుతోనే అయ్యుంటుంది. కానీ ఆ మాటతో బరువంతా మీ మీదకొచ్చింది. పాపను మూడున్నరకు స్కూల్ నుంచి ఎవరు తీసుకొస్తారు, మీకు వాంతులైతే పొద్దున్న టిఫిన్ డబ్బా ఎవరు కడతారు, అత్తగారికి ఎవరు సర్దిచెబుతారు అని అడగండి. వీటికి ఆయన దగ్గర జవాబులుంటే ఆ ఉద్యోగం మీకు మోయగలిగినదే అవుతుంది. లేకపోతే ఎంత జీతమైనా కష్టమే.

పదకొండు రోజులుంది కదా. ఈ ఆదివారం పాపను మీ అమ్మగారి దగ్గర ఉంచి, ఇద్దరే కూర్చోండి. ముందు గర్భం పోయిందని తెలిసిన ఆ రోజు గురించి మాట్లాడుకోండి. ఆయన ఆ రోజు ఏమనుకున్నారో మీకు ఇంతవరకు చెప్పి ఉండరు. ఆఫర్ లెటర్ ఆ తర్వాత తీయొచ్చు.