ఎవరు ఎవరిని ఏమన్నారో ఇంగ్లీషులో రాయడం

అమ్మలూ,

ఇంగ్లీషు పత్రిక డెస్కులో చేరావని మీ నాన్న చెప్పాడు. తెలుగు ప్రసంగాలు విని ఇంగ్లీషులో కాపీ, అంటే వార్త, రాయాలంటే, సగం రోజు ఎవరో ఎవరినో తిట్టిన మాటలతోనే గడుస్తుంది. మన నాయకులు ఊరికే ‘అనరు’. మండిపడతారు, ధ్వజమెత్తుతారు, నిప్పులు చెరుగుతారు, దుయ్యబడతారు. వీటన్నిటికీ ‘స్లామ్’ ఒక్కటే తగిలించేసే అలవాటు చాలామందికి ఉంది. అది చదవడానికి విసుగు, అంతే. అసలు ప్రమాదం వేరేచోట ఉంది, ముందు అది చెబుతాను.

ఒక నాయకుడు ‘మంత్రి లంచాలు తిన్నాడు’ అని విరుచుకుపడ్డాడనుకో. నువ్వు ‘క్రిటిసైజ్డ్ ద మినిస్టర్ ఫర్ టేకింగ్ బ్రైబ్స్’ అని రాస్తే, మంత్రి లంచం తిన్న మాట నిజమేనని నీ పత్రికే ఒప్పుకున్నట్టు. ఆ నాయకుడు దాన్ని తప్పుబట్టాడని మాత్రమే వార్త అవుతుంది. ‘అక్యూజ్డ్ ద మినిస్టర్ ఆఫ్ టేకింగ్ బ్రైబ్స్’ అంటే ఆ మాట భారం అన్నవాడి మీదే ఉంటుంది. ఈ రెండు క్రియల తేడాను అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్మోర్ చక్కగా విడదీశాడు: అక్యూజ్‌లో పని చెడ్డదని ముందే అనుకుని, చేసింది ఇతనేనని అంటాం, క్రిటిసైజ్‌లో చేసింది ఇతనేనని ముందే అనుకుని, అది చెడ్డదని అంటాం. స్లామ్, బ్లాస్ట్, కాస్టిగేట్, రెబ్యూక్, వీటి పక్కన ‘ఫర్’ పెట్టినా అదే చిక్కు. శీర్షికలో స్లామ్ తప్పదంటే ‘ఓవర్ బ్రైబరీ అలిగేషన్స్’ అని ముగించు. పరువునష్టం నోటీసు వచ్చేది ఇలాంటి చిన్న మాటల దగ్గరే.

రెండోది మన ‘ఖండించారు’. దాడిని ఖండిస్తే కండెమ్. ఆరోపణను ఖండిస్తే డినై, లేదా రిజెక్ట్. తెలుగులో ఒకే మాట కాబట్టి ‘కండెమ్డ్ ద అలిగేషన్స్’ అని చేతికి వచ్చేస్తుంది. అలాగని అక్కడ రెఫ్యూట్ కూడా పెట్టకు. ఆధారం చూపించి తప్పని తేల్చినప్పుడే ఆ మాట, ఉత్తినే కాదనడానికి కాదు.

ఇక ‘మీద’. తెలుగులో ఎవరి మీదైనా విమర్శలు చేస్తాం, నింద వేస్తాం, ఆరోపిస్తాం, అరుస్తాం. ఇంగ్లీషులో క్రిటిసైజ్, కండెమ్, స్లామ్‌లకు మనిషి పేరు నేరుగా వస్తుంది, మధ్యలో ‘ఆన్’ ఉండదు. లాష్ అవుట్, హిట్ అవుట్‌లకు ‘ఎట్’ కావాలి, టేర్, లే అనేవాటికి ‘ఇన్‌టు’ కావాలి. బ్లేమ్ రెండు రకాలుగా నడుస్తుంది: ‘బ్లేమ్డ్ ద కాంట్రాక్టర్ ఫర్ ద డిలే’, ‘బ్లేమ్డ్ ద డిలే ఆన్ ద కాంట్రాక్టర్’. ‘బ్లేమ్డ్ ఆన్ ద కాంట్రాక్టర్’ అని వదిలేస్తే వాక్యం సగంలోనే ఆగినట్టు. అలెజ్ వెనక విషయం వస్తుంది, మనిషి రాడు. ‘అలెజ్డ్ ఆన్ హిమ్’ అనేది మన దగ్గర పుట్టిన వాక్యం. డిక్రైకి కూడా మనిషి కాదు, విధానమో ధోరణో కావాలి.

తర్వాత హోదా చూడు. రెప్రిమాండ్, అడ్మానిష్ చేయాలంటే పైన ఉండాలి, మన మందలించడం లాగే. ప్రతిపక్షం ముఖ్యమంత్రిని రెప్రిమాండ్ చేయలేదు. చైడ్ మెత్తనిది, పెద్దవాళ్లు చిరాకుగా ఒక మాట అన్నట్టు. బెరేట్ అంటే కోపంగా చాలాసేపు వాయించాలి. ఒక్క వాక్యం అని మైకు దించేసినవాడు ఎవరినీ బెరేట్ చేసినట్టు కాదు. ‘ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు గానీ మంత్రిగారి కాన్వాయ్ కడగడానికి ఉన్నాయి’ అన్నాడనుకో, అది చురక. ‘టుక్ ఎ డిగ్ ఎట్’ అను, సరిపోతుంది. అక్కడ స్లామ్ వేస్తే వెటకారం మొత్తం చచ్చిపోతుంది.

కోర్టు వార్తల్లో ఇంకా జాగ్రత్త. ‘హైకోర్టు మొట్టికాయలు’ అన్నదానికి ‘ర్యాప్’ భలే అతుకుతుంది, శీర్షికలో వాడుకో. ‘పుల్ అప్’ మన దేశంలో చెల్లుతుంది. అమెరికాలో చదివేవాడికి కారు వచ్చి ఆగినట్టు తోస్తుంది. కాపీ లోపల మాత్రం జడ్జి విచారణలో నోటితో అన్నదా, ఉత్తర్వులో రాసిందా తేల్చుకో. నోటిమాటైతే ‘ఓరల్లీ అబ్జర్వ్డ్’ అని రాసి ఆ మాటే ఇవ్వు. ‘స్ట్రిక్చర్స్’, అంటే కోర్టు ఘాటుగా తప్పుపట్టిన వ్యాఖ్యలు, అనేది ఉత్తర్వు కాగితం చూశాకే.

సెన్షర్ అనే మాటను తిట్టుగా ఎక్కడా వాడకు, అది అధికారికంగా తప్పుపట్టే ఒక చర్య. కేంద్ర ఉద్యోగుల 1965 నాటి క్రమశిక్షణ నియమాల్లో చిన్న శిక్షల పట్టికలో మొదటిది అదే. లోక్‌సభలో సెన్షర్ తీర్మానానికి కారణాలు రాసి ఇవ్వాలి, అవిశ్వాస తీర్మానానికి అక్కర్లేదు. అమెరికా ప్రతినిధుల సభలో సెన్షర్ అయిన సభ్యుడు సభ మధ్యకొచ్చి నిలబడాలి. రెప్రిమాండ్ అంతకంటే ఒక మెట్టు తక్కువ. పైగా తెలుగులో సెన్షర్‌నూ అభిశంసన అంటారు, ఇంపీచ్‌మెంట్‌నూ అభిశంసనే అంటారు. తెలుగు కాపీలో అభిశంసన కనబడితే ఏదో అడిగి తెలుసుకో, ఊహించి రాయకు.

ఫ్లే, స్లామ్, బ్లాస్ట్, ర్యాప్, ఇవన్నీ కాలమ్ వెడల్పు సరిపోక శీర్షికల్లో వాడే పొట్టి మాటలు. ఫ్లే అంటే అసలు చర్మం ఒలవడం. కాపీ లోపల క్రిటిసైజ్, లేదా ఉత్త ‘సెడ్’ పెట్టి వాళ్ల మాటలే కోట్ చేస్తే ఘాటు దానంతటదే తెలుస్తుంది.

ఆఫీసు మెయిళ్ల సంగతి కూడా చెప్పేస్తాను. ‘బాస్ ఫైర్ అయ్యాడు’ మన మాట. ‘మై బాస్ ఫైర్డ్ మి’ అని పైదేశం వాళ్లకు రాస్తే నీ ఉద్యోగం పోయిందని పరామర్శ వస్తుంది. ‘స్కోల్డెడ్’ అంటే పిల్లల్ని కోప్పడినట్టుంటుంది, పెద్దవాళ్ల మధ్య ‘వజ్ షార్ప్ విత్ మి’ నయం. ‘కామెంట్ చేశాడు’ అంటే మనకు వెక్కిరింతే, ఇంగ్లీషు కామెంట్‌లో ఏ చెడూ లేదు. ‘మేడ్ ఫన్ ఆఫ్’ అని విప్పి రాయి.

లాంబాస్ట్ (ఘాటుగా విమర్శించడం) స్పెల్లింగ్ చివర ‘ఇ’ ఉన్నా లేకున్నా తప్పు కాదు. మీ డెస్కు స్టైల్‌బుక్కులో ఎలా ఉంటే అలా వాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న