సింక్ నొక్కినా దరువు ఎందుకు కలవదు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి పల్లెటూరు. సంక్రాంతికి రామాలయం వీధిలో మా కుర్రాళ్లమంతా పాటల కార్యక్రమం పెట్టుకుంటున్నాం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో, బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఉచిత డీజే పేజీతో సాధన చేస్తున్నాను. కొత్త పాటలు రెండు కలిపితే బాగానే ఉంటోంది గానీ, పాత సినిమా పాట పక్కన కొత్తది పెడితే మాత్రం సింక్ మీట నొక్కినా దరువులు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. లోపం పేజీదా, ల్యాప్‌టాప్‌దా, నాదా? మధ్యలో నెట్ పోతే కార్యక్రమం ఆగిపోతుందా?

జవాబు: లోపం మీది కాదు, ల్యాప్‌టాప్‌ది అంతకన్నా కాదు. పాటను ఎక్కించగానే పేజీ అందులోని దెబ్బలను వెతికి, నిమిషానికి ఎన్ని పడుతున్నాయో లెక్కగట్టి, దానినే బీపీఎం అంకెగా చూపిస్తుంది. ఆ అంకెను బట్టి పాట మొదటి నుంచి చివరి దాకా సమాన దూరంలో గీతలు గీసుకుంటుంది. మీరు సింక్ నొక్కినప్పుడు రెండో పాట వేగాన్ని మార్చి, దాని గీతలను మొదటి పాట గీతలకు ఆనిస్తుంది. అంటే పాట వేగం ఎక్కడా మారదని అది ముందుగానే నమ్ముతోందన్న మాట. కంప్యూటర్ కొట్టే స్థిరమైన తాళానికి కట్టిన నేటి పాటల విషయంలో ఆ నమ్మకం వమ్ము కాదు. వాద్యబృందమంతా ఒకేచోట కూర్చుని వాయించిన పాత పాటల్లో మాత్రం పల్లవి ఒక వేగంలో, చరణం కాస్త హెచ్చు వేగంలో నడవడం సహజం. పాట నిమిషానికి 100 దెబ్బల నుంచి 102కు పెరిగిందనుకోండి, 16 దెబ్బలు పడేసరికి సెకనులో దాదాపు ఐదో వంతు తేడా వస్తుంది. ఒక్కో దెబ్బకు ఉన్న వ్యవధే 0.6 సెకన్లు కాబట్టి, ఆ తేడా అందరి చెవికీ స్పష్టంగా తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు గతిది. మన పాటల్లో తిశ్రగతిలో, అంటే మూడేసి లెక్కన నడిచేవి చాలా ఉన్నాయి. ఇటువంటి పేజీల్లోని లెక్క ఎక్కువగా చతురశ్రగతిలో, అంటే నాలుగేసి లెక్కన సాగే నృత్య సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది కనుక, తిశ్రం ఎదురైనప్పుడు 90 ఉండవలసిన చోట 135 చూపించవచ్చు. గతి సరిగ్గానే ఉన్నా 70ని 140గా చదవడం కూడా మామూలే. అందువల్ల తెర మీది అంకెను నమ్మే ముందు పాట వింటూ చేత్తో తాళం వేసి, అర నిమిషంలో పడిన దెబ్బలను లెక్కపెట్టి రెట్టింపు చేయండి. అంకె సగమో రెట్టింపో అయితే దిద్దడానికి చాలా పేజీల్లో మీట ఉంటుంది. ట్యాప్ అనే మీట ఉంటే పాటతో పాటు దానిని కొడుతూ మీ లెక్కనే పేజీకి నేర్పవచ్చు. అయితే అంకెలు సరిపోయినంత మాత్రాన తిశ్రమూ చతురశ్రమూ కలిసి నడవవు. అటువంటి జంటను కలపబోకండి. ఒక పాటను ఆవర్తం (తాళం ఒక చుట్టు) చివర ఆపి, రెండో దానిని సమం (చుట్టులోని మొదటి దెబ్బ) మీద ఎత్తుకోండి. శ్రోతకు అది తప్పుగా కాదు, మలుపుగా వినిపిస్తుంది.

పాత పాట నుంచి కొత్త పాటలోకి వెళ్లడానికి నాకు బాగా నమ్మకమైన దారి లూప్, అంటే ఒక ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం. పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు మాత్రమే వినిపించే చోట నాలుగు దెబ్బల ముక్కను పట్టి తిప్పండి. తిరుగుతున్న ముక్క ప్రతిసారీ అదే నిడివిలో వస్తుంది కాబట్టి, ఆ పాటకు సొంతంగా ఉన్న వేగంలోని ఎగుడుదిగుళ్లు అక్కడితో ఆగిపోతాయి. అప్పుడు కొత్త పాటను దాని మీదికి తేవడం తేలిక. తెచ్చేటప్పుడు వచ్చే పాట బేస్ (లోతైన ధ్వని) మీటను పూర్తిగా తగ్గించి ఉంచి, ఒక పాట నుంచి రెండో దానికి జరిపే క్రాస్‌ఫేడర్ మీట మధ్యకు చేరాక సమం మీద ఒక బేస్‌ను దించి రెండో దానిని ఎత్తాలి. ఢోలక్ గుమ్మనే మోతకూ, కొత్త పాట డ్రమ్ముకూ ఒకేసారి చోటిస్తే పెద్ద స్పీకర్లలో వినిపించేది దరువు కాదు, హోరు మాత్రమే. ఇద్దరు గాయకుల గొంతులు ఒకదాని మీద ఒకటి పడనీయకండి. మన శ్రోతలు మాట కోసం వింటారు, మాట పోతే పాట పోయినట్టే.

వేగం మార్పుకూ హద్దు ఉంది. 6 శాతం పెంచితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. కీ లాక్ నొక్కితే శ్రుతి నిలుస్తుంది గానీ, మార్పు ఎక్కువైన కొద్దీ గొంతులో జీర వినిపిస్తుంది. నేనైతే 4 శాతం దాటను. ప్రభలను ఊరేగించే ప్రభల తీర్థంలో మీరు ఫోన్‌తో పట్టుకున్న మేళం లాంటిది ఉంటే దానికి సింక్ జోలికే పోవద్దు. ప్రభను మోసేవారి అడుగును చూసి వాయించిన మేళానికి స్థిరమైన అంకె ఉండదు, ఉండనక్కరలేదు కూడా. దానిని ఒంటరిగా, పూర్తిగా వినిపించండి.

ఇక నెట్ సంగతి. మీ కంప్యూటర్‌లోని పాటను ఎక్కించినప్పుడు బ్రౌజర్ దానిని అక్కడికక్కడే విప్పుకుని వాయించగలదు. వెబ్ ఆడియో అనే ఈ ఏర్పాటు 2021లో ప్రామాణికంగా ఖరారైంది. మీ పేజీ అలాగే పనిచేస్తుందో లేదో ఇంట్లోనే తేల్చుకోండి: పేజీ తెరిచాక వైఫై ఆపి, కొత్త పాట ఎక్కించండి. పాడితే భయం లేదు, కానీ కార్యక్రమం నడుస్తుండగా పేజీని రిఫ్రెష్ చేయకూడదు. పేజీలో నేరుగా యూట్యూబ్ నుంచి వాయించే పాటలకు మాత్రం నెట్ ఉండి తీరాలి. పైగా ఆ ధ్వని పేజీ చేతికి అందదు కాబట్టి బేస్ మీటలు వాటి మీద పనిచేయవు. ల్యాప్‌టాప్ విషయానికొస్తే, విప్పిన పాట ఎంపీ3 కన్నా ఎన్నో రెట్లు పెద్దది. 4 నిమిషాల స్టీరియో పాట ర్యామ్‌లో సుమారు 85 ఎంబీ తీసుకుంటుంది, రెండు పాటలకు 170 ఎంబీ. మీ 4 జీబీ దీనికి చాలు, మిగతా ట్యాబులన్నీ మూసేస్తే. బ్యాటరీ బలహీనంగా ఉంటే మాత్రం కరెంటు పోయినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా లాభం లేదు, ముందు బ్యాటరీ మార్చండి.

ప్రశ్న: భీమవరం నుంచి. బ్రౌజర్ డీజే పేజీని బ్లూటూత్ స్పీకర్‌కు కలిపితే మీట నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావడం లేదు. సెట్టింగు ఏదైనా ఉందా?

జవాబు: సెట్టింగుతో పోయే ఆలస్యం కాదది. ధ్వనిని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ గడిచిపోతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే కనుక, చెవితో విని చేత్తో కలపడం అసాధ్యమవుతుంది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి స్పీకర్ ఆక్స్ రంధ్రానికి 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న తీగ వేయండి.